మా కొట్టంలోని తెలుగు

"మా తాతలు నేతులు తాగినారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత మనవారందరికీ తెలిసినదే. పూర్వుల గొప్ప చెప్పుకొని కాలం గడిపేవారిని ఎగతాళి చేయడానికి పుట్టిన మాట అది. మన సంఘపు సమావేశాలలో వంశాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ సామెత అనక మానరు, అందరూ నవ్వక మానరు. మేమూ నవ్వుతాము. కాని ఒక్క సంగతి ఆలోచించండి. తాతగారు నెయ్యి తాగవలెనంటే ఇంట ఒక పాడిపశువు ఉండవలె. తెల్లవారుజామున లేచి దానికి మేత వేసేవారు ఒకరుండవలె. పాలు పితికేవారు, తోడు పెట్టేవారు, చిలికేవారు, వెన్న కాచేవారు ఉండవలె. తాతగారి పేరు, ఆయన తండ్రిగారి పేరు మనం వ్రాసి ఉంచుకొంటాము. ఆ పశువు పేరేమి? దానిని ఏమని పిలిచేవారు? ఏ భాషలో పిలిచేవారు? ఇవి ఎవరూ అడుగరు.

తమ మూలాలు వెదకుకొనే కుటుంబాలకు ఈ ప్రశ్నలు కూడ అవసరమని మా మనవి. పరాయి భాష నడుమ తరతరాలుగా బ్రతికిన మన తెలుగు, పుస్తకాలకంటె, సభలకంటె, వంటింటికీ పశువుల కొట్టానికీ ఎక్కువ ఋణపడి ఉన్నదని మా నమ్మకం. వంటిల్లు నేటికీ ఉన్నది. కొట్టం మాత్రం చాల ఇండ్లలో పోయినది. మా యింట పోయినప్పుడు దానితో ఏమి పోయినదో, ఏమి మిగిలినదో చదువరులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎక్కడివారము?

మాది పల్లడానికీ కాంగయానికీ నడుమ ఉన్న ఒక మెట్టపల్లె. నేడు అది తిరుప్పూరు జిల్లాలో చేరినది. మా వూళ్లో తెలుగు మాట్లాడే ఇండ్లు పాతికకు మించవు. చుట్టూ తమిళమే. మేము చదివినదీ తమిళ బడిలోనే. తెలుగు అక్షరాలు మాకు మా పెదనాయన నేర్పినారు. అదీ వేసవి సెలవులలో, పంచలో చాప మీద.

"మనం ఎక్కడి నుండి వచ్చినాము?" అని అడిగితే మా తాత ఉత్తరం వైపు చేయి చూపి, "కృష్ణకు ఇవతల నుండి" అనేవాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు. కాగితాలు లేవు. ఇంటిపేరు ఒక్కటి ఉన్నది. అది కూడ పెండ్లిండ్లప్పుడే బయటికి వస్తుంది. విజయనగర రాజుల కాలంలోనూ, 1529లో మధురలో విశ్వనాథ నాయకుని పాలన మొదలయిన తరువాతనూ తెలుగువారు గుంపులుగా తమిళసీమకు వచ్చి మెట్టభూములలో స్థిరపడినారని చరిత్రకారులు చెప్పుతారు. సైనికులుగా వచ్చినవారు కొందరు, సేద్యానికి వచ్చినవారు కొందరు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైశెవల్ గ్రామంలో తెలుగు ఇంట 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఈ వలసకథనే తీసికొని 1976లో 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవల వ్రాసినారు. ఆ కథకు కొనసాగింపయిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది.

చరిత్ర సంగతి పండితులకు వదలి, మాకు తెలిసినది మేము చెప్పుతాము. కుటుంబం ఏ సీమ నుండి వచ్చినదో తెలుసుకోవడానికి కొట్టంలో వాడే మాటలు కూడ కొంత ఉపకరిస్తవి. మా యింట నల్ల పాడిపశువును 'ఎనుము' అంటాము. ఒకసారి విజయవాడ నుండి వచ్చిన బంధువు ఈ మాట విని, "ఎనుమంటే ఏమిటండీ?" అని అడిగినాడు. కృష్ణా గోదావరి జిల్లాలలో అది గేదె. తెలంగాణలో బర్రె. రాయలసీమలో మాత్రం నేటికీ ఎనుమే. పక్కన తమిళంలో 'ఎరుమై' ఉండడంవల్ల మా మాట నిలిచి ఉండవచ్చును. కనుక ఈ ఒక్క మాటనే పట్టుకొని మేము రాయలసీమ వారమని తీర్పు చెప్పరాదు. కాని ఇటువంటి మాటలు ఇరవై చేర్చి చూస్తే ఏదో ఒక దారి కనబడకపోదు.

కొట్టంలో ఒక దినం

మేము అన్నదమ్ములము ముగ్గురము, ఒక చెల్లెలు. 1980 నుండి పదిహేను ఇరవై సంవత్సరాలు మా యింట ఉన్న మంద ఇది: ఒక జత కాడి ఎడ్లు, రెండు ఆవులు, ఒక ఎనుము, వాటి దూడలు, పది పన్నెండు గొఱ్ఱెలు, లెక్కపెట్టని కోళ్లు. అంతకుముందు మా తాత కాలంలో నాలుగు జతల ఎడ్లు ఉండేవట. బావి నుండి కపిల తోలడానికే రెండు జతలు కావలసి వచ్చేవట. తోలుబానను బావిలోకి దింపి, ఎడ్లను వాలు మీద ముందుకు తోలి నీరు పైకి తెచ్చి, మరల వెనుకకు నడిపించడం సామాన్యమైన పని కాదు. ముందుకు నడిచే ఎద్దు ఎక్కడైనా దొరుకుతుంది, వెనుకకు నడిచే ఎద్దుకే వెల అని మా తాత అనేవాడు. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలై, తరువాత కోయంబత్తూరు ప్రాంతపు బావులకు మోటార్లు వచ్చినవి. మేము పుట్టేనాటికి కపిల వాలు మీద చింతచెట్టు మొలచి ఉన్నది.

మా అవ్వ కోడి కూయకముందే లేచేది. ముందు కొట్టంలోకి పోయి పశువులను పలుకరించి, ఆ తరువాతనే ముఖం కడుగుకొనేది. పేడ ఎత్తడం, గంజు నేల మీద బూడిద చల్లడం అమ్మ పని. చొప్ప నరికి గాడిలో వేయడం పెద్దన్న పని. రాత్రి నానబోసిన పత్తిగింజలను ఱోట్లో ఱుబ్బడం మా వంతు. ఆ ఱుబ్బిన పిండిని, తవుడును, అన్నం వార్చిన గంజిని కలిపితే కుడితి సిద్ధం. పత్తిగింజ తిన్న పశువు పాలు చిక్కగా ఉంటవని మా సీమ నమ్మకం. చెల్లెలు చిన్నది గనుక లేగదూడను పట్టుకొని నిలుచుండేది. దూడ కుడిచి, తల్లి చేపినాక, దానిని లాగి పక్కన కట్టవలె. ఎప్పుడు లాగవలెనో అవ్వ కనుసైగ చేసేది. ఒక్క గుక్క ఎక్కువ కుడువనిస్తే మాకు కాఫీలో పాలు తక్కువ. ఒక్క గుక్క ముందు లాగితే దూడకు అన్యాయం. న్యాయం అంటే ఏమో మా చెల్లెలికి అక్కడే తెలిసినదని మా నాయన నవ్వేవాడు.

పాలు పితికిన తరువాత ఇంటికి కొంత ఉంచి మిగిలినవి వూరి పాలసొసైటీకి పోసి రావలె. అక్కడ పాలలో గాజుగొట్టం వేసి చూసి చీటీ ఇచ్చేవారు. మేము లెక్కలు నేర్చినది ఆ చీటీల మీదనే. నేడు మేము గుమాస్తాగా తిండి తింటున్నామంటే అందులో ఆ చీటీలకు కూడ పాలున్నది.

మధ్యాహ్నం పశువులు 'కొరంగాడు'కు పోయేవి. ఈ మాట తమిళమే. మా సీమకు బయట దీనిని ఎరిగినవారు తక్కువ. వానలు తక్కువగా పడే మా మెట్టలో కొంత భూమిని దున్నకుండ, చుట్టూ కిళువై ముండ్లచెట్లతో సజీవమైన కంచె పెంచి, మేతకు విడిచిపెట్టుతారు. లోపల కొళుక్కట్టై గడ్డి పెరుగుతుంది. నడుమ నడుమ తెల్లతుమ్మ చెట్లు నీడనిస్తవి. ఆ తుమ్మకాయలు రాలితే గొఱ్ఱెలకు పండుగ. కాంగయం ఎడ్లకు ఉన్న పేరు సగం ఈ కొరంగాళ్ల చలవే. ఈ జాతి దూడ ఎఱ్ఱగా పుట్టి, ఆరు నెలలు తిరిగేసరికి బూడిదరంగుకు మారుతుంది. కోడెకు వయసు వచ్చేకొద్దీ మూపురము, మెడ, తొడలు నల్లబడుతవి. దూడ రంగు మారడం పిల్లలమైన మాకు ఏటా చూచినా వింతగానే ఉండేది.

కనుమ నాడు మాత్రం ఎవరికీ పని చెప్పనవసరం లేదు. కొమ్ములకు రంగు వేయడం, కొత్త పలుపులు, కొత్త ముకుతాళ్లు, మెడకు గంటలు, అన్నీ మేమే. సాయంకాలం దొడ్డిలో పేడతోను మట్టితోను చిన్న కొలను కట్టి, నీరు పోసి, పూలు వేసి, లేగదూడ చేత దానిని తొక్కించేవారు. దీనిని తమిళులు 'పట్టిప్పొంగల్' అంటారు. మా అవ్వ 'కనుమ' అనేది. ఆచారం వారిది, పేరు మనది. ఉడుమలైపేట దగ్గర సోమవారపట్టిలో ఆల్‌కొండమాల్ కోవెలకు ఆ దినాలలో రైతులు పాలు తెచ్చి పోస్తారు, మట్టితో చేసిన పశువుల బొమ్మలు సమర్పిస్తారు. ఆ వైపు తెలుగు మాట్లాడే కంబళ నాయకులు ఉఱుమి మ్రోతకు ఎద్దును ఆడించే సలగెరుదు ఆట చూడడానికి మేము ఒకసారి నాయన భుజం మీద కూర్చొని పోయినాము.

ఎద్దుకు రెండు భాషలు

మా నాయన ఎడ్లను కన్నపురం సంతలో కొనేవాడు. వెళ్లకోవిల్ దగ్గర కన్నపురం మారియమ్మ జాతరకు చిత్తిరై మాసంలో జరిగే ఆ సంతకు కాంగయం జాతి పశువులు చాల వస్తవి. బేరం నోటితో జరుగదు. కొనేవాడూ అమ్మించే తరగూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి వెల చెప్పుకొంటారు. చుట్టూ నూరుమంది నిలిచినా ఎవరికీ తెలియదు. మా తాత ఒక ఉపాయం పన్నేవాడట. తరగుతో తమిళంలో మాట్లాడుతూ, నడుమ మా నాయనతో తెలుగులో, "పండ్లు చూడు, కుడికాలు కొంచెం ఈడుస్తున్నది, రెండు వందలు తగ్గించు" అనేవాడు. ఒక ఏడు ఆ తరగు అంతా విని, తుండుగుడ్డ తీసి భుజాన వేసికొని, "కాలు ఈడ్చడం లేదు పెద్దాయనా, లాడం కొత్తది" అని చక్కని తెలుగులో జవాబు చెప్పినాడు. ఆయనదీ తెలుగు ఇల్లే. ఎద్దు కొనడం అటుంచి, ముందు ఇంటిపేర్లు అడుగుకొని, వరుసలు కలుపుకొన్నారు. చివరకు ఆ జత మా యింటికే వచ్చినది. వెల మాత్రం పైసా తగ్గలేదు.

తమిళ ఇండ్ల నుండి వచ్చిన ఎద్దుకు మా మాటలు మొదట అర్థమయ్యేవి కావు. పది పదిహేను దినాలు నాయన ప్రతి మాట రెండు భాషలలో చెప్పేవాడు. ఆ తరువాత తమిళం విడిచిపెట్టేవాడు. నాగలికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. "దాపల" అంటే దాపటికి, "వలపల" అంటే వలపటికి తిరుగవలె. మేము మా యింట మనుష్యుల నడుమ ఎడమ, కుడి అనేవాళ్లము. నేడు మా పిల్లలు లెఫ్టు, రైటు అంటారు. దాపల, వలపల అన్న పాత మాటలు మా యింట ఎద్దు చెవిలో తప్ప మరెక్కడా నిలువలేదు. మనుష్యులు మరచినదానిని పశువు గుర్తుంచుకొన్నది.

ఆవు జీవితమంతటికీ మా అవ్వ దగ్గర మాటలు ఉండేవి. లేగ, దూడ, పెయ్య. ఎదకు వచ్చినది, కట్టినది, చూడిది. తొలిచూలుది, మలిచూలుది. ఈనినది, మాయ వేసినది, జున్నుపాలు ఇచ్చినది. చేపినది, ఎగచేపినది, వట్టిపోయినది. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పని ఉన్నది. చూడిదంటే పరుగెత్తించరాదు, మాయ వేయలేదంటే రాత్రంతా మేలుకొని ఉండవలె, వట్టిపోయినదంటే పాలు అడుగరాదు గాని మేత తగ్గించరాదు. ఇవి నిఘంటువు చూసి నేర్చిన మాటలు కావు. పని పోతే ఈ మాటకు చోటు ఉండదు.

మన నిత్య సంభాషణలో కూడ కొట్టం ఎంత ఉన్నదో చూడండి. గడచినదానిని తలచుకోవడం నెమరు వేయడం. మోయలేని బాధ్యత గుదిబండ. అదుపు లేనివాడు పలుపు తెంచుకొన్నవాడు. వాడిని అదుపులో పెట్టడం ముకుతాడు వేయడం. మా ఆఫీసులో పదవీ విరమణ చేసిన తెలుగు మిత్రుడొకరు, "నేటితో కాడి దించినారండీ" అన్నారు. ఆయన జన్మలో కాడి మోసిన ఎద్దును దగ్గరగా చూసి ఎరుగరు. మాట మాత్రం తాతల కొట్టం నుండి నడిచి ఆయన నోటికి వచ్చినది.

తీపి ఒక్కటే కాదు

పాతకాలమంతా బంగారమని మేము అనము. బడికి పోయే పిల్లలకు రెండు పూటలా పేడ, మేత, నీరు అంటే ఆట తక్కువే. ఆడవారికి పండుగనాడు కూడ విశ్రాంతి లేదు. ఆవు పండుగ ఎరుగదు గదా. మా అమ్మ తన పుట్టింటికి పోయి రెండు రాత్రులు ఉండడానికి ఎనుము ఒప్పుకోవలె.

రోగాల భయం ఇంకొకటి. పశువుల ముసరవ్యాధి వస్తే ఒక వారంలో దొడ్డి ఖాళీ అయ్యేదని మా అవ్వ చెప్పేది. తన చిన్నతనంలో వూరిలో దుక్కికి ఎద్దు లేక మనుష్యులు కాడి పట్టినారని చెప్పి కన్నీరు పెట్టేది. ఆ వ్యాధి నేడు లేదు. టీకాలు వేసి వేసి, 2006లో భారతదేశం దాని నుండి విముక్తి పొందినది. 2011లో ప్రపంచమంతటా అది అంతరించినదని ప్రకటించినారు. మశూచి తరువాత మానవుడు భూమి మీద లేకుండ చేసిన రెండవ వ్యాధి ఇదే. వూరూరా తిరిగిన పశువైద్యులకు రైతు కుటుంబాలు ఎంతయినా ఋణపడి ఉన్నవి.

మరొక ఋణం కూడ చెప్పవలె. మా మందను మేపినది మేము మాత్రమే కాదు. మా తాత కాలం నుండి మా దొడ్డిలో జీతానికి ఉన్న ఒక అరుంధతీయ కుటుంబం ఉండేది. కపిల తోలుబాన కుట్టినది వారే, ఎడ్లకు మెడపట్టీలు చేసినది వారే, కాన్పు కష్టమైన రాత్రి ఆవు పక్కన కూర్చున్నది వారే. వారి యింటి భాష కూడ తెలుగే. కొంగు సీమలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు చాలమంది ఉన్నారు. పశువు నడక చూసి రోగం చెప్పే మాటలు మా అవ్వకంటె ఆ యింటి పెద్దాయనకు ఎక్కువ తెలుసు. ఆయన మా వాకిట నిలిచి మాట్లాడేవాడు; మా పంచలో కూర్చుండే వీలు ఆనాడు ఆయనకు లేదు. మన సంఘం తెలుగు కుటుంబాలను లెక్కించేటప్పుడు ఆ యిండ్లను కూడ లెక్కించవలెనని, ఆ జ్ఞాపకాలను కూడ వ్రాయించవలెనని మా కోరిక.

పలుపు విప్పిన ఏడు

2002లో వానలు తప్పినవి. మరుసటి ఏడూ అంతే. బావి ఎండినది. బోరు ఎంత లోతుకు వేసినా నీరు దూరమే. చొప్ప వెల ఆకాశానికి పోయినది. తిరుప్పూరు బనియను కంపెనీలు పెరిగి, మేపే పిల్లలందరూ అటు పోయినారు. దుక్కికి ట్రాక్టరు వచ్చినది. 2003లో నాయన ఎడ్లను అమ్మక తప్పదన్నాడు.

ఇద్దరు కొనడానికి వచ్చినారు. ఒకడు పొళ్ళాచి సంతకు పశువులను తోలి, అక్కడ నుండి కేరళకు బండ్లలో పంపేవాడు. జతకు పద్దెనిమిది వేలన్నాడు. రెండవవాడు ధారాపురం వైపు రైతు. పదునైదు వేలకు మించలేనన్నాడు. ఆనాటికి మేము గుమాస్తా పనిలో చేరి ఐదు సంవత్సరాలు. ఆ తేడా మా నెల జీతంకంటె ఎక్కువ. ఇంట అప్పులున్నవి. చెల్లెలి పెండ్లి చేయవలసి ఉన్నది. రెండు రాత్రులు ఇంట మాటలు జరిగినవి. అన్న పద్దెనిమిది వేలు వదులుకోరాదన్నాడు. అతనిది తప్పు అని ఎవరూ అనలేదు. అవ్వ అప్పటికి ఎనభై దాటినది. ఆమె వాదించలేదు. "పదేండ్లు మన మాట విన్నవి. ఇప్పుడు వాటి మాట చెప్పేవారెవరు?" అన్నది, అంతే. మరునాడు నాయన రైతు చేతిలో పగ్గాలు పెట్టినాడు. పెట్టేముందు దాపల, వలపల అన్న రెండు మాటలు అతనికి చెప్పి, నాలుగుసార్లు అనిపించినాడు. అతడు తమిళుడు, పగ్గం పట్టుకొని బడిపిల్లవానివలె ఆ మాటలు వల్లె వేసినాడు. చెల్లెలి పెండ్లి ఆరు నెలలు వెనుకబడినది గాని ఆగలేదు.

ఒక్క ఆవు మిగిలినది. దాని పేరు లచ్చి. అవ్వ ఉన్నంతవరకు అది కొట్టంలోనే ఉండవలెనని అందరమూ ఒప్పుకొన్నాము. అవ్వ 2009లో పోయినది. పట్నంలో మేము, కంపెనీలో అన్న, మోకాళ్ల నొప్పులతో అమ్మ. ఇక ఆవును చూచేవారెవరు? పక్క వూరి తమిళ ఇల్లాలు ఒకామె అడిగితే ఆమెకు ఇచ్చినాము. మూడవనాడు ఆమె కొడుకు మోపెడ్డు మీద వెనుక కూర్చొని వచ్చినది. ఆవు మేత తింటున్నది, దూడను దగ్గరకు రానిస్తున్నది, కాని పితుకబోతే చేపడం లేదట. "మీ పాటి ఏమని పిలిచేది, ఆ మాట నాకు నేర్పండి" అన్నది. అమ్మ అవ్వ పాత చీరె ఒకటి తీసికొని ఆమెతో పోయినది. ఆ చీరె కప్పుకొని పొదుగు దగ్గర కూర్చొని, "దా లచ్చీ, దా తల్లీ, చేపు తల్లీ చేపు" అని అవ్వ యాసలోనే అన్నదట. ఆవు చెవులు నిక్కించినది. కొంతసేపటికి పాలు దిగినవి. ఆ యిల్లాలు ఆ మాటలు నేర్చుకొన్నది.

పది సంవత్సరాల తరువాత ఆ యింట ఒక శుభకార్యానికి మేము కుటుంబంతో పోయినాము. లచ్చి లేదు. దాని మనుమరాలు కట్టుగొయ్య దగ్గర ఉన్నది. సాయంకాలం ఆ యిల్లాలి కోడలు పాలచెంబుతో వచ్చి, కూర్చొని, తమిళ యాసలో, "దా తల్లీ, చేపు తల్లీ చేపు" అన్నది. అత్త నేర్పిన మాట, ఏ భాషో ఆమె ఆలోచించనుకూడ లేదు. మా పక్కన నిలుచున్న మా అమ్మాయి, "నాయనా, చేపలెక్కడివి? ఆవును చేప అంటున్నదేమి?" అని అడిగినది. అమ్మాయికి తెలుగు వచ్చు, ఇంట మాట్లాడుతుంది. కాని చేపడం అన్న మాట వినే అవసరం ఆ బిడ్డకు ఎన్నడూ కలుగలేదు. మా అవ్వ మాట తమిళ ఇంటి కొట్టంలో బ్రతికి ఉన్నది, మా యింట లేదు. ఆ రాత్రి బస్సులో మేము ఆ మాటకు అర్థం చెప్పినాము. దానివెంట ఇంకొక మాట, దానివెంట మరొకటి. తిరుప్పూరు చేరేసరికి పదునేడు మాటలైనవి.

మీ యింటి సంగతి

ఆ పదునేడు మాటలే నేడు మా యింట ఒక నోటుపుస్తకమై, మూడు వందలు దాటినవి. కి. రాజనారాయణన్ గారు బడిలో ఎక్కువ చదివినవారు కారు. అయినా తమ కరిసల్ సీమ తమిళ పలుకుబడులను ఏరి నిఘంటువు కూర్చినారు. 2021లో కాలధర్మం చెందినారు గాని ఆ మాటలు నిలిచినవి. పరభాషకు ఒక తెలుగుబిడ్డ చేసిన పనిని మన భాషకు మనం చేసుకోలేమా?

మన పత్రిక చదివేవారు అన్ని సీమలలోనూ ఉన్నారు. కర్ణాటకంలో ఉన్నవారి యిండ్లలో హళ్లికారు ఎడ్లు ఉండి ఉంటవి. మహారాష్ట్రంలో ఖిల్లారి, దేవని జాతులు. ఒడిశాలో గంజాం వైపు చిన్నపాటి ఘుముసరి పశువులు. యానాంవారికి గోదావరి లంకల గేదెలు ఉండనే ఉన్నవి. మగ్గాల మీద బ్రతికిన కుటుంబాలవారైనా పెరటిలో ఒక మేకను, నాలుగు కోళ్లను ఎరుగనివారు తక్కువ. పశువులు ఏ సీమవైనా, పిలిచిన మాట తెలుగు.

మన ఒంగోలు జాతి పశువులు పందొమ్మిదవ శతాబ్దం నుండి ఓడలెక్కి బ్రెజిలు దేశానికి పోయినవి. నేడు అక్కడి మాంసపు పశువులలో అధికభాగం ఆ సంతతే. తరాలు గడచినవి, మేత మారినది, ఆకారం కూడ కొంత మారినది. అయినా వాటిని ఆ దేశంవారు నేటికీ 'నెలోర్' అనే పిలుస్తారు. అది మన నెల్లూరే. సముద్రాలు దాటిన పశువుకు వూరిపేరు మిగిలినదంటే, నాలుగు నదులు దాటిన మనకు నాలుగు మాటలు మిగులకూడదా?

కనుక మా మనవి ఇది. మీ యింట ఎనభై దాటిన పెద్దవారెవరైనా ఉంటే ఈ ఆదివారమే వారి దగ్గర కూర్చోండి. వంశవృక్షం అడిగితే వారు తడబడవచ్చును. పశువుల సంగతి అడిగితే తడబడరు, మీరే చూడండి. మొదట ఉన్న ఆవు పేరేమి, దాని రంగేమి, ఏ సంతలో కొన్నారు, ఎవరు పితికేవారు? దూడను ఏమని పిలిచేవారు? ఎద్దును ఆపడానికి ఏ మాట? కోళ్లను మేతకు పిలిచే కూత ఏది? పశువుకు ఒళ్లు వెచ్చబడితే ఏ ఆకు నూరి పెట్టేవారు? మేపినవారెవరు, వారి సంతతి నేడు ఎక్కడ ఉన్నది? చివరి పశువు ఎప్పుడు, ఎందుకు పోయినది? ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడు తొందర పెట్టకండి. చాల యిండ్లలో అక్కడ కొంత మౌనం ఉంటుంది.

చెప్పినది చెప్పినట్లు, వారి యాసలోనే వ్రాయండి. దిద్దకండి. తెలుగు లిపి రానివారు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో వ్రాసినా, మా పెదనాయన మాకు నేర్పిన అక్షరాలలోకి మేము ఎత్తి వ్రాసిపెట్టడానికి సిద్ధంగా ఉన్నాము. ఇంటికి ఒక పుట చాలును. కనుమ పండుగలోగా పది యిండ్ల నుండి పది పుటలు వచ్చినవంటే, రాబోయే సంచికలలో వాటిని వరుసగా ప్రకటింపవలసినదని సంపాదకులను మేమే వేడుకొంటాము.

అందరి యిండ్లా పాడిపంటలతో కళకళలాడవలెనని మా ఆకాంక్ష.